కనబడలేదు

సెచూరా అఖాతంలో ఒక చిన్న రేవు.
పేరు చెప్పినా పటంలో దొరకదు.
రేకుల షెడ్డు కింద, చేపల తక్కెడ పక్కన
నేలిదా చపియికెన్ కాగితం నిండా గీతలు గీసి కూర్చుంది.

పన్నెండు రాత్రులు.
ప్రతి రాత్రీ రెండు వలలు.
ఒకదానికి ఐదు బారలకొకటి చొప్పున ఆకుపచ్చ దీపం,
ఒకటి ఉత్త చీకటి.
చీకటి వలలో ఏడు తాబేళ్లు.
దీపాల వలలో మూడు.

"ఏడెక్కడ, మూడెక్కడ!" అంటాడు పడవ యజమాని ఎలుతేరియో,
చేతులకంటిన డీజిలు లుంగచుట్టిన గుడ్డకి తుడుచుకుంటూ.
లీమా నుంచి వచ్చిన ఉత్తరానికి మాత్రం అంత ఆశ్చర్యం లేదు:
పి విలువ సున్నా పాయింటు ముప్పై నాలుగు.
దీపాలు పనిచేయవు.

నేను రాసే భాషలో
"కనబడలేదు" అన్న మాట చివర
"లేదు" నక్కి కూర్చుంటుంది.
తొందరపడ్డవాడు ముందు సగం మింగేసి
తోక మాత్రం చదువుతాడు.
ఆ ఉత్తరం స్పానిష్‌లో ఉంది గాని,
తొందరకి అన్ని భాషలూ వచ్చు.

నేలిదా వేరే ప్రశ్న వేసుకుంది.
సరే, దీపాలు నిజంగానే
సగం తాబేళ్లను కాపాడతాయనుకుందాం.
ఆ నిజాన్ని పట్టుకునే శక్తి
మన పన్నెండు రాత్రులకి ఎంత?
లెక్క తేలేసరికి కాఫీ మీద మీగడ కట్టింది.
పదింట ఒకటి.

అంటే ఇలాంటి రేవులు పది ఉండి,
ఒక్కోదాంట్లో ఒక్కో నేలిదా కూర్చుని,
అన్నిచోట్లా దీపాలు చక్కగా పనిచేస్తూ ఉంటే,
తొమ్మిదిమంది ఇంటికెళ్లి
"ఏమీ లేదు" అని దుప్పటి కప్పుకుంటారు.
వాళ్లు అబద్ధాలాడరు.
చూపు ఆనినంత మేరే చెబుతారు.
ఎంత మేర ఆనిందో చెప్పడం మరిచిపోతారు, అంతే.

"మరి ఎన్ని రాత్రులు కావాలి?"
"ఎనభై నాలుగు."
"అప్పుడు ఖాయంగా తెలుస్తుందా?"
"ఐదింట నాలుగుసార్లు."
"ఆ ఐదోది?"
"దాన్ని కొనేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు."

ఎలుతేరియో వేళ్లు మడిచాడు:
డీజిలు, ఐసు, మేనల్లుడి కూలి.
వేళ్లు అయిపోయాక మెల్లగా అడిగాడు:
"ఎనభై నాలుగు రాత్రులూ
ఆ రెండో వల చీకట్లోనే ఉండాలా?"
"ఉండాలి. పోల్చాలిగా."
"ఎన్ని?"
ఈసారి అడిగింది రాత్రుల గురించి కాదని ఆమెకి తెలుసు.
"యాభై దాకా," అంది.

పుస్తకంలో శక్తి అంటే ఒక శాతం,
మెత్తగా పైకెక్కే ఒక వంపు గీత.
ఇక్కడ దాని వెల తాబేటి చిప్పల్లో కట్టాలి.
తక్కువ కడితే నిజం జారిపోతుంది,
దీపాలు గోదాములో బూజుపడతాయి,
ఏళ్ల తరబడి మునుగుతూనే ఉంటాయి అవి.
పూర్తిగా కడితే,
కట్టిన ప్రతి ఒక్కటీ
మన చేతుల మీదుగానే బయటికొస్తుంది,
నోరు తెరుచుకుని, బరువుగా.

ముప్పై ఒకటో రాత్రి.
చిట్టాలో రెండు గళ్లలోనూ సున్నా.
అలా జరుగుతుంది, అప్పటికే చాలాసార్లు జరిగింది.
కానీ తెల్లారాక ఆరేసిన చీకటి వల తాడు మీద
విప్పడం మరిచిపోయిన ఒక్క దీపం
ఎండలో పాలిపోయి ఇంకా వెలుగుతూ ఉంది.

"ఒక్క రాత్రే," అన్నాడు ఎలుతేరియో.
నేలిదా తిట్టింది. రేవంతా వినేలా తిట్టింది.
ఒక్క రాత్రి కాదది,
ముందటి ముప్పై రాత్రులకీ అనుమానం అంటించావంది.
అతను తల దించలేదు, ఎదురు చెప్పలేదు.
మేనల్లుడు ఐసు పగలగొడుతూనే ఉన్నాడు.

సాయంత్రం స్కేలు పెట్టి ఆ వరుస కొట్టేసింది.
పక్కన రాసింది: లెక్కలోకి రాదు.
ఆ రాత్రి ఆ రెండు వలల పక్కనుంచీ
ఏదైనా ఈదుకుంటూ పోయిందేమో,
ఎవరికీ కనబడలేదు.